మూడు రింగుల గిరాకీ

మస్కట్‌కి రెండు గంటల దూరంలోని ఇబ్రా ఊళ్లో షంషాద్ నడిపే మెస్సు. పొయ్యి మీద గుత్తివంకాయ కూర ఉడుకుతోంది. పక్క కొట్లో ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే కాలేబ్ కాగితాల కట్ట పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మస్కట్‌లోని ఖురం పేట నుంచి కంపెనీ మనిషి వచ్చే వేళయింది.

"మళ్లీ చదువు నాయనా. రోంత నిదానంగా చదువు."

"ఇప్పటికి మూడుసార్లు చదివానండి ఆంటీ. చదివినప్పుడల్లా మీరు వంకాయలు తిప్పుకుంటున్నారే గానీ వినట్లేదు."

"తిప్పేది చేత్తో, వినేది చెవుల్తో. నువ్వు చదువు కాలేబూ."

"సరే వినండి. వాళ్లు తమదని రాసుకున్న మొదటి అంశం, క్లెయిము. 'కొనుగోలుదారు తన మొబైల్ నుంచి చేసినట్టిదీ, అవతలివారు ఎత్తనట్టిదీ అయిన కాల్‌ను, అది మోగిన సంఖ్యను బట్టి ఒక వస్తువు లేదా సేవ కోసం ఇచ్చిన ఆర్డరుగా గుర్తించి, కంప్యూటరు ద్వారా నమోదు చేసే పద్ధతి.'"

"అంటే?"

"అంటే మిస్డ్ కాల్ ఇస్తే అన్నం పెట్టడమండి."

"దానికి ఇంత కాగితమా?"

"ముప్పై రెండు పేజీలండి. పోనీ అన్నం ఒక్కటేనా అంటే అదీ కాదు. మిస్డ్ కాల్ కొట్టి నీళ్ల ట్యాంకరు పిలిచినా వాళ్లదే, ఇస్త్రీ బట్టలు పట్టుకెళ్లమన్నా వాళ్లదే. ఆ పద్ధతి వాళ్లే కనిపెట్టారంట. పేటెంటు ఉందంట. అంటే వాళ్లని అడక్కుండా ఇంకెవరూ వాడకూడదని సర్కారు ముద్ర."

"మిస్డ్ కాల్ కనిపెట్టినారా! ఇంగ తుమ్ము కనిపెట్టినోడు ఎవరో వాణ్ని గూడా పిలిపియ్యల్ల. పొద్దున్నుంచీ ఈ తాలింపుకి నాలుగుసార్లు తుమ్మినా."

"నవ్వుతారేంటండీ బాబూ! మీకొచ్చిన నోటీసులాంటిదే నాకూ వచ్చింది. మీరేమో వాడినందుకు, నేనేమో ఆ సాఫ్ట్‌వేరు రాసినందుకు. ఏం రాశానండి నేను? ఎవరి ఫోను మోగింది, ఎన్ని రింగులు మోగింది, అది చూసి స్క్రీను మీద పేరు వేస్తుంది. ఒకటైతే భోజనం, రెండైతే చపాతీ. రెండు రోజుల పని. దానికి నా కొట్టు పోయేలా ఉంది, కొట్టు పోతే వీసా పోతుంది."

"యాడికీ పోదు లే."

"మీరలా అంటారు. మా ఆవిడ మెర్లిన్ ఆసుపత్రి డ్యూటీ మానుకుని నిన్నంతా ఏడ్చింది. సంతకం పెట్టేయమంటోంది."

"సంతకం పెడితే ఏం రాసిచ్చినట్టు? అది చదువు."

"అదండీ... ఆ ముక్క పైకి చదవకపోతేనే మంచిది."

"చదువు."

"'ఈ పద్ధతి సదరు కంపెనీ వారు కనిపెట్టిందే అని ఒప్పుకుంటున్నాను. వారికంటే ముందు దీనిని నేను గానీ, నాకు తెలిసినవారు గానీ వాడలేదు. ఇకపై ఏటేటా ఫీజు కట్టి వాడుకుంటాను.'"

"నాకు తెలిసినోళ్లెవరూ వాడలేదంటనా?"

"అవునండి."

"మా ఆయన బాబు మియా నాకు తెలియదా?"

"అదేంటండీ ఆంటీ, అంకుల్‌ని మీకు తెలీదని ఎవరన్నారు!"

"ఆ కాగితమే అంటాండాది గదా! చూడు కాలేబూ. ఆ మనిషి అరవై రెండేండ్లు బతికినాడు. బేరం ఆడ్డం రాదు, ఉప్పు చూడ్డం రాదు, లైసెన్సు ఇచ్చిన అర్బాబు ముందర నోరు తెరవడం రాదు. అన్నీ నేనే చూసుకున్నా. ఆయన బతుకులో ఆయనంతట ఆయన తెలివిగా చేసింది ఈ మిస్డ్ కాల్ పని ఒక్కటే. అది గూడా తీసకపోయి ఎవడో ముక్కూ మొహం తెలీనోడి పేరు మీద రాసియ్యమంటే ఎట్ల రాసిస్తా? మనిషి పోయి నాలుగేండ్లయింది. నాకు మిగిలిందే అది."

"ఆంటీ... ఏడవకండి."

"ఉల్లిగడ్డలు."

"ఉల్లిపాయలు ఎప్పుడో వేగిపోయాయండి."

"గమ్మునుండు."

"నేను చెప్పేది కూడా వినండి. కోర్టుకెళ్దామంటే మస్కట్‌లో వకీలుకి అయ్యే ఖర్చు వాళ్లడిగే ఫీజుకి పదింతలు. అదేనండి వాళ్ల తెలివి. పోట్లాడ్డం కంటే లొంగిపోవడమే చవకయ్యేలా చూసుకుంటారు. ఇప్పటికి పదకొండు కొట్లవాళ్లు సంతకాలు పెట్టేశారంట. అల్ సువైక్‌లో లాండ్రీ ఇస్రార్ భాయ్ కూడా."

"ఇస్రార్ గూడానా! చొక్కా కాలిపోతే గూడా ఒప్పుకోనోడు ఇది ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడండి. భయం. మనం గెలవాలంటే ఒకటే దారి. వాళ్ల పేటెంటు రెండువేల పద్నాలుగుది. అంతకంటే ముందే ఈ పని ఇక్కడ జరిగేదని రుజువు కావాలి. అంకుల్ ఎప్పుడు మొదలెట్టారు?"

"రెండువేల ఆరులో. రంజాన్ అయిపోయిన వారానికి. సైటు మీద పిల్లోళ్లకి చేతులనిండా సిమెంటు, ఫోన్లో బ్యాలెన్సు ఉండదు. వండినంక వీళ్లు వస్తారో రారో తెలీక రోజూ నాలుగు గిన్నెల అన్నం పారబోస్తాండాం. ఒక పొద్దు ఈయన అన్నాడు, 'షంషాద్, ఫోను ఎత్తేదానికే గదా డబ్బులు, మోగేదానికి కాదు గదా' అని. అంతే. ఒక రింగిచ్చి పెట్టేస్తే ఆ పూట ఏది వండితే అది తింటానని. రెండిస్తే అన్నం బదులు చపాతీ అని."

"మరి కంప్యూటరు లేదు కదండీ, ఎలా గుర్తుపెట్టుకునేవారు?"

"చెంచాలు. ఒక రింగుకి డబ్బాలో చెంచా వేసేవాడు, రెండు రింగులకి ఫోర్కు. అరవై మంది నంబర్లు నోటికొచ్చు. నా పుట్టినరోజు మాత్రం గుర్తుండేది కాదు."

"అయితే అంకుల్ చెంచాలతో చేసిందే నేను కంప్యూటరుతో చేశాను. వాళ్లూ అంతే. చెంచా తీసి కంప్యూటరు పెట్టి మాదంటున్నారు. ఆంటీ, దీనికి కాగితం ముక్క ఏదన్నా ఉందా? కరపత్రం, బోర్డు, ఫోటో..."

"గోడ మీద బొగ్గుతో రాసింటిమి."

"ఆ గోడ?"

"పోయిన పండక్కి సున్నం కొట్టించినావు గదా, నువ్వే."

"అయ్ బాబోయ్."

"నిన్నేమన్నా అంటినా? తెల్లగా కొట్టించినావు, బాగుండాది."

"పోనీ అప్పట్లో తిన్నవాళ్లు? ఎవరన్నా ఒక్కరు వచ్చి చెప్తే..."

"అందరూ ఊర్లకి పోయినారు నాయనా. ఒక్కరి నంబరూ లేదు. అన్నీ ఆయన తలకాయలో ఉండె."

"ఇంకేముందండి. నాలుగో క్లెయిము చదివి ముగించేస్తాను. 'కాల్ మూడుసార్లు మోగి ఆగినయెడల, ఆర్డరులో ముందుగా నిర్ణయించిన ఒక పదార్థమును తొలగించి, దాని స్థానమున వేరొక పదార్థమును చేర్చుట.'"

"ఏదీ, ఇంకోసారి."

"మూడు రింగులైతే ఒకటి తీసేసి ఇంకోటి పెట్టడమండి. దీని గురించి మనకి గొడవ లేదు. మన సాఫ్ట్‌వేర్లో మూడు లేదు. ఒకటి, రెండే."

"మనకు మూడు లేదు కాలేబూ. మూడు ఎవరికీ లేదు. ఒక్కడికే ఉండె."

"ఎవరికండి?"

"మూడు రింగుల గిరాకీ! పొయ్యి తగ్గియ్యి, పొయ్యి తగ్గియ్యి! యా అల్లా! ఒక సర్వే పిల్లోడు వచ్చేవాడు, బక్కగా, పొడుగ్గా, నెత్తిన పసుప్పచ్చ టోపీ. చిన్నప్పుడు హాస్టల్లో ఆరేండ్లు రెండు పూటలా వంకాయే పెట్టినారంట. వంకాయ కనపడితే లేచిపోయేవాడు. మాకేమో వారంలో నాలుగు రోజులు వంకాయే. అప్పుడు ఈయన అన్నాడు, 'బేటా, నువ్వు మూడు రింగులియ్యి. నీకు వంకాయ తీసేసి గుడ్డు పెడతా.' ఒక్కడి కోసం! నేను తిట్టినా, ఒక్కడి కోసం యాల ఈ తిక్క పని అని. ఆ తిక్క పని ఆ కాగితంలో రాసిపెట్టినారు!"

"అంటే... ఇది రాసినవాడు ఇక్కడ భోంచేసినవాడే!"

"వాడే!"

"కాగితం మీద పేరు తారిఖ్ హుసేన్ అని ఉందండి. ఆయనేనా?"

"పేరా? పేర్లు ఎవురికి తెలుసు నాయనా. మా ఆయన అందర్నీ తిండి పేరుతోనే పిలిచేవాడు. చపాతీ అన్న, పెరుగు మామ, గుడ్డు తమ్ముడు."

"గుడ్డు తమ్ముడని కోర్టులో చెప్తామాండీ?"

"చెప్పకూడదా?"

"ఊరుకోండి ఆంటీ. మీకు తెలుసు, నాకు తెలిసింది. జడ్జికి కాగితం కావాలి."

"అస్సలాము అలైకుం! నజ్మత్ అల్ సబాహ్ ట్రేడింగ్ యహీ హై క్యా?"

"వాలేకుం సలాం. ఏం ట్రేడింగు?"

"నజ్మత్ అల్ సబాహ్. కాగితంల గదే ఉంది. నేను తబ్రేజ్, ఖురం ఆఫీసు నుంచి వచ్చిన."

"ఆంటీ, కంపెనీ ఆయనేనండి. ఆ పేరు మనదే. లైసెన్సు మీద ఉన్న పేరు."

"ఓ అదా! అది మా అర్బాబు పెట్టిన పేరు నాయనా, నాకే నోరు తిరగదు. రా, లోపలికి రా. తెలుగు వచ్చినట్టుందే."

"నిజామాబాద్ ఆపా మాది. తెలుగు రాకుండ ఎట్ల? గంట సేపు ఇదే గల్లీల చక్కర్లు కొట్టిన. నజ్మత్ అంటే ఒక్కడికీ తెల్వదాయె."

"బాబు మియా మెస్సు అని అడిగింటే ఈదిలో మేకలు గూడా తోడొచ్చేవి. కూర్చో. చేతులు కడుక్కో."

"లేదాపా, నేను తినొద్దు. డ్యూటీ మీద వచ్చిన. సంతకం తీస్కోని పోవాలె."

"మస్కట్ నుంచి రెండు గంటలు కారు నడుపుకుంటా వచ్చినోడివి. తినకుండా సంతకం అడిగితే నేను పెన్ను గూడా పట్టుకోను."

"తింటే పెడతరా?"

"ముందు కూర్చో."

"ఆంటీ, మనల్ని కోర్టుకీడ్చేవాడికి భోజనమేంటండి?"

"కోర్టుకీడ్చేది వాళ్ల సారు. ఆకలయ్యేది ఈ పిల్లోడికి. ప్లేటు ఇట్లియ్యి కాలేబూ."

"భయ్యా, మీరేనా సాఫ్ట్‌వేర్ రాసింది? నా మీద కోపం పెట్టుకోకుండ్రి. నాకేం ఎరుక? లిస్టు ఇస్తరు, పేర్లు చూసి నేను పోత. నోటీసు గూడ వాళ్లే టైపు జేస్తరు. లైసెన్సు పేర్ల పుస్తకం ముందల పెట్టుకోని వరుసగ పంపుడే. ఒక్క దుకాణం గూడ సార్ చూడలే."

"మీ సారు పేరేంటండి? తారిఖ్ హుసేన్ గారేనా?"

"ఆయ్నే. మంచోడే భయ్యా, ఒట్టు. జీతం ఎన్నడు ఆపలే. గీ పేటెంటు ముచ్చట్లనే జర... వాహ్! ఆపా! గిదేం కూర!"

"గుత్తివంకాయ. నువ్వులపొడి, చెనక్కాయల పొడి. రోంత చింతపండు."

"సుభానల్లా! మా అమ్మి చేసినట్టే ఉంది. మస్కట్ల పదేండ్ల సంది ఉన్న, గీ రుచి తగల్లే. ఇంకొకటి ఏయి ఆపా. ఆఫీసుల గూడ వంకాయ తెప్పిస్తమంటే మా సార్..."

"మీ సారు?"

"ఏం లేదులే. ఆయ్నకు పడదు."

"ఒంటికి పడదా, నోటికి పడదా?"

"ఒంటికి ఏం గాదు. మనసుకే పడదంట. చిన్నప్పుడు హాస్టల్ల ఒకటే వంకాయ పెట్టేటోళ్లంట. ఇప్పుడు టేబుల్ మీద వంకాయ పెడితే ప్లేటు తీస్కోని లేచిపోతడు. మేం నవ్వుకుంటం... ఏందాపా, గరిటె కింద పడేసిన్రు?"

"తబ్రేజూ, మీ సారు పొడుగా?"

"పొడుగే. ఇప్పుడు జర పొట్ట వచ్చిందనుకో."

"ముందర సర్వే పని చేసినాడా?"

"చేసిండు. గా కథలే చెప్తుంటడు. పసుపచ్చ టోపీ పెట్టుకోని ఎండల తిరిగిన అంటడు. యాడ చేసిండో చెప్పడు. మీకెట్ల ఎరుక?"

"కాలేబూ, విన్నావా?"

"విన్నానండి! ఆంటీ, వాడేనండి, గుడ్డు తమ్ముడు!"

"ఏమైంది మీ ఇద్దరికి? నాకు గూడ చెప్పుండ్రి."

"చెప్తాండా, తినుకుంటా విను. మీ సారు ఇదే మెస్సులో, నువ్వు కూర్చున్న చోటనే, రెండేండ్లు తిన్నాడు. మిస్డ్ కాల్ ఇచ్చే తిన్నాడు. మూడు రింగులిస్తే వంకాయ తీసేసి గుడ్డు పెట్టేవాడు మా ఆయన. ఆ మూడు రింగులు మీ కాగితంలో నాలుగో లెక్కలో రాసుండాది. చూడు కావాలంటే."

"ఏదీ? ...మూడుసార్లు మోగి... తొలగించి... అమ్మో. గీ నాలుగోది ఏందో మా ఆఫీసుల ఎవ్వరికీ సమజ్ గాలే ఆపా! వకీలు గూడ అడిగిండు, ఎందుకిది, తీసేద్దాం అని. సారే వద్దన్నడు. అది ఉండాలె అన్నడు."

"ఉండల్ల అన్నాడా?"

"అన్నడు. కొట్లాడిండు గూడ."

"చూసినావా కాలేబూ. దొంగతనం చేసినాడు గానీ మర్చిపోలేదు."

"సరేనండి, ఇప్పుడు ఈ తబ్రేజ్ భాయ్ కోర్టుకొచ్చి చెప్తాడా?"

"ఏం జెప్పాలె భయ్యా? మా సార్ వంకాయ తినడు అని చెప్పాల్నా? నా నౌకరీ పోతది, మీకు కేసు గెలవదు. కాగితం ఉంటే తీయిండ్రి. లేదంటే ఆపా, నా మాట వినుండ్రి. సార్ ఒప్పుకోడు. కోర్టంటే మూడేండ్లు గుంజుతడు."

"నిజమే. కాగితం లేదు. ఓడిపోయేదానికి మూడేండ్లు ఎందుకు? ఈ పొద్దే తేల్చేస్తాం. మీ సారుకి ఫోను చెయ్యి."

"నువ్వు మాట్లాడతవా ఆపా?"

"నేను మాట్లాడను. నా నోరు మంచిది కాదు, ఆయన తిన్న గుడ్లన్నీ కక్కిస్తా. నువ్వే చెప్పు. నజ్మత్ గిజ్మత్ అనొద్దు. బాబు మియా మెస్సు నుంచి మాట్లాడతాండా అని చెప్పు. గుర్తుంటే, ముందర ఎట్ల మోగించేవాడో అట్ల ఫోను మోగియ్యమను. అదే నంబరు, మార్చలేదు. మాట్లాడే పని లేదు. భోజనాలకి పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ ఎత్తేలోపల, అంటే రెండున్నరకి. మోగితే ఈ కాగితం ఆయన వెనక్కి తీసుకోవల్ల. మోగకపోతే..."

"మోగకపోతే?"

"సంతకం పెడతా. తిరిగి ఒక్క మాట గూడా అడగను."

"ఆంటీ! ఏంటండీ ఈ పందెం! ఆయనెందుకు మోగిస్తాడండి? ఊరికే కూర్చుంటే సంతకం వస్తుందని చెప్పి మరీ మోగించమంటే ఎవరన్నా మోగిస్తారా?"

"మోగించకపోతే మా ఆయన పెట్టిన గుడ్లు దండగ అనుకుంటా. అప్పుడు ఎవురి పేరు మీద రాసుకున్నా నాకు నొప్పి లేదు."

"నొప్పి లేనిదే ఇంత పందెం కాస్తారేంటండీ?"

"నీ కాగితం నువ్వు దాచిపెట్టుకో కాలేబూ. నీకు పెండ్లాం ఉండాది, వీసా ఉండాది. పందెం నా ఒక్కదానిదే."

"...ఇలా ఇవ్వండి పెన్ను. లేదులెండి, నా కాగితం కూడా మీ పందెంలోనే పెట్టండి. మెర్లిన్‌కి మాత్రం చెప్పకండి."

"జేస్తున్న ఆపా. స్పీకర్ల పెట్టను, నాకు భయమైతది... హలో, సార్! ఆఁ, ఇబ్రాలనే ఉన్న సార్. లేదు సార్, ఇంకా పెట్టలే. సార్, ఈడ పేరు నజ్మత్ గాదు సార్. బాబు మియా మెస్సు... హలో? సార్? ...ఆఁ సార్, ఉన్నది సార్, నడుస్తున్నది. ఆయ్న లేడు సార్. పోయి నాలుగేండ్లాయెనంట. షంషాద్ ఆపా ఉన్నది... సార్? ...ఆపా ఒక మాట చెప్పమన్నది. గుర్తుంటే ముందల మోగించినట్టు ఫోను మోగియ్యమన్నది. రెండున్నర లోపల. లేకుంటే సంతకం పెడతనన్నది... సార్? సార్?"

"ఏమన్నాడండి?"

"కట్ చేసిండు."

"ఏమీ అనలేదా?"

"'ఆ మెస్సు ఇంకా ఉన్నదా' అన్నడు. నీ మాట మొత్తం చెప్పనిచ్చిండు. లాస్టుకి కట్ చేసిండు."

"సరే. నీళ్లు తాగు. పెరుగు వేస్తా."

"ఆంటీ, ఒకటీ యాభై అయిందండి."

"గడియారం చూడాకు, స్క్రీను చూడు."

"మోగుతోంది! మోగుతోంది! ఒకటి... రెండు... ఆగిపోయింది."

"ఎవురు?"

"వెల్డింగు అఖీలండి. చపాతీ."

"గింత లొల్లి వెల్డింగు అఖీల్ కోసమా! ఆపా, నేను ఎత్తి చెప్పాల్నా, తొందరగ రమ్మని?"

"ఎత్తాకు! ఎత్తితే ఆర్డరు పోతాది. నీకు మిస్డ్ కాల్ గురించి ఏమీ తెలీదే, మీదంట పేటెంటు!"

"తప్పయింది ఆపా."

"ఇంకోటండి! ఒకటి. ఆగింది. ప్రేమచంద్ గారు, ఆసుపత్రి నుంచి."

"ఆయనకి ఉప్పు తక్కువ. రాసిపెట్టుకో."

"రెండూ పది... మీ సారుకి మనసుందా తబ్రేజ్ భాయ్?"

"ఉన్నది భయ్యా. మా చెల్లె పెండ్లికి నేను అడగకుండనే నెల సెలవిచ్చిండు. గానీ గీ పేటెంటు మీదనే ఆయ్న కంపెనీ అంత నిలబడ్డది. గది పోతే ఆయ్నకి గూడ కష్టమే."

"కష్టమేం కాదు. అన్నం మెస్సులో ఎప్పుడూ ఉంటాది."

"రెండూ ఇరవై అండి. ఆంటీ, పోనీ మూడు వరకూ చూద్దామా?"

"మాటంటే మాట. దస్తర్‌ఖాన్ రెండున్నరకి ఎత్తుతా. ఇరవై ఏండ్లుగా అంతే."

"గిన్నెలు అంత నెమ్మదిగా కడుగుతున్నారేంటి మరి?"

"నీళ్లు తక్కువ వస్తాండాయి."

"ధారగా వస్తున్నాయండి."

"కాలేబూ!"

"సరే సరే. రెండూ ఇరవై ఆరు."

"ఆపా, పెన్ను నా దగ్గరున్నది. గానీ ఒట్టు, నాకు ఇయ్యబుద్ధి కాట్లే."

"తిన్నావు గదా, అందుకే. ఇట్లియ్యి పెన్ను."

"ఆంటీ, ఆగండి. ఇంకా రెండు నిమిషాలు... మోగుతోంది! ఒకటి!"

"చూడు, చూడు!"

"ఆగిపోయిందండి. ఒకటే."

"ఎవురు?"

"పేరు రాలేదు. కొత్త నంబరు. ఎవడో కొత్త గిరాకీ. అయిపోయిందండి ఆంటీ."

"ఏదీ, జర్రగు భయ్యా. నంబరు చూడనీ... తొమ్మిది, ఏడు, రెండు... ఆపా."

"ఏం?"

"ఇది మా సార్ సొంత నంబర్! ఆఫీసుది గాదు. ఇంట్లోళ్లకు తప్ప ఎవ్వరికి తెల్వదు!"

"ఒక రింగే కదండీ ఇచ్చింది! మూడు కాదు! ముందు మోగించినట్టు మోగించమన్నారు కదా మీరు. మర్చిపోయాడు ఆంటీ, లెక్క మర్చిపోయాడు, పందెం పోయినట్టా, గెలిచినట్టా?"

"ఆగు భయ్యా, మెసేజ్ వచ్చింది నాకు. 'సంతకం తీస్కోకు. ఆ కాగితం చింపెయ్యి. సాఫ్ట్‌వేర్ ఆయ్నది గూడ. మిగతా పదకొండు దుకాణాల కాగితాలు నా బీరువల ఉన్నయి, నేనే తీస్కోని బయల్దేరిన. నాలుగున్నర వరకు ఇబ్రాల ఉంట. ఆపాకు చెప్పు.' గంతే!"

"చింపండి! చింపండి భాయ్! ఆగండి, నాది నేను చింపుకుంటాను! మెర్లిన్‌కి ఫోను చేయాలి! ఇస్రార్ భాయ్‌కి చేయాలి! ఆంటీ, గెలిచామండి! ఏంటండీ మీరు, అలా నిలబడిపోయారు? మళ్లీ ఉల్లిపాయలేనా?"

"ఉల్లిగడ్డలే."

"సరే లెండి. గుడ్డు ఉడకబెట్టేస్తాను, సారు వచ్చేసరికి తొక్క తీసి..."

"వద్దు నాయనా. గుడ్డు కావాలంటే మూడిచ్చేవాడు. లెక్క మర్చిపోలేదు వాడు. రెండేండ్లలో ఒక్క రోజు గూడా ఇయ్యనిది, ఈ పొద్దు ఒక్క రింగిచ్చినాడు, వండింది ఏదైనా సరేనని. వంకాయ తింటానంటాండాడు."